నాలుగు టైర్లూ బావగారి చెయ్యీ

మా బావగారంటే నాకు ఒళ్ళుమంట. ఆ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత చెప్పేవాటికి సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. బావగారంటే మా ఆయనకు అన్న. గారు అనేది నా నోటి అలవాటు, గౌరవం అనుకోకండి. నెల్లితోపులో మా సందు ఎంత ఇరుకంటే, ఎదురింటి తిన్నె మీద ఆయన తుమ్మితే మా వంటింట్లో నేను చిరంజీవ అనాలి. అనను. ఆ ఇంటి తిన్నెకీ మా ఇంటి తిన్నెకీ మధ్య మా పికప్ బండి నిలబడుతుంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ బండికి ఇటుపక్క నా కాపురం, అటుపక్క ఆయన పెత్తనం.

నేను యానాం దాన్ని. సర్కారు ఉద్యోగం మీద పుదుచ్చేరి వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయాను. వీళ్ళది తరాల నాడు ఇక్కడికొచ్చి పాతుకుపోయిన తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అందులో సగం తమిళం. చదవడం, రాయడం పూర్తిగా తమిళం. కాబట్టి నేను రాసేది ఆయన చేతికిచ్చినా మా బావగారు చదవలేడు. అందుకే ధైర్యంగా రాస్తున్నాననుకునేరు. ఇవే మాటలు ఎదురుగా నిలబడి కూడా అన్నాను.

ఈ ఇంట్లో చక్రమున్న వస్తువు ఏది కొన్నా మొదట బావగారి చెయ్యి పడాలి. సైకిలు, స్కూటరు, ఆఖరికి గ్యాసు సిలిండరు కింద పెట్టే చక్రాల పీట కూడా. ఆయనది కైరాసి చెయ్యి అట. అలాంటిదాన్ని మా యానాంలో హస్తవాసి అంటాం, అదీ వైద్యుడికి. ఇక్కడ ఆయన కుడి అరచెయ్యి కొత్త టైరు మీద ఆనించి, కళ్ళు మూసుకుని, ఏదో గొణగాలి. తర్వాత చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాలి. అప్పుడే బండి కదలాలి. చెయ్యి పడిన వస్తువును ఇంక వద్దనకూడదు, వెనక్కివ్వకూడదు. సందులో ఆటోలవాళ్ళు సైతం కొత్త బండి తెచ్చి ముందు ఆయన తిన్నె దగ్గర ఆపుతారు. ఆయనేమో వాళ్ళ పిలుపు వినపడనట్టు కాసేపు నటించి, పంచె దులుపుకుని, అప్పుడు లేస్తాడు. ఆ లేవడం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ పేరు ఊరికే రాలేదని మా ఆయన చెప్తాడు. బావగారు సర్కారు ట్రాక్టరు నడిపి రిటైరయ్యాడు. ఒకసారి తుఫానుకు ఊరి బయట పొలాలు మునిగితే జీపులూ వ్యాన్లూ బురదలో దిగబడిపోయాయట. ఈయన ట్రాక్టరు ఒక్కటే వెళ్ళి జనాన్ని ఎక్కించుకొచ్చిందట. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో రెండు నమ్మకాలు స్థిరపడిపోయాయి. ఆయన చెయ్యి తగిలిన చక్రం ఆగదు. బటన్ టైరును మించిన టైరు లేదు. టైరు మీద ఎడంఎడంగా, ఎత్తుగా ఉండే రబ్బరు ముద్దల్ని ఇక్కడ బటన్ అంటారు. బురదను తవ్వుకుంటూ పోవాలంటే అవి ఉండాలి, నేను కాదనను. కానీ మా బండి బురద మొహం చూసి ఎన్నాళ్ళయిందని?

మా బండి పని రెడ్డియార్‌పాళయంలో ఒక వ్యాపారి గోడౌనులో పెయింటు డబ్బాలు ఎత్తుకుని తిండివనం, చెంగల్పట్టు, సేలం, ఎక్కడ చెప్తే అక్కడ దించి రావడం. గోడౌను దాటితే తారురోడ్డు, తారురోడ్డు దాటితే హైవే. వెనక నిండా బరువు, ముందు నల్లటి నున్నటి రోడ్డు, పక్కన మన బండిని కొబ్బరిచిప్పలా చూసే లారీలు, బస్సులు. ఇంతే దాని లోకం.

ఆఫీసులో తోటి ఉద్యోగిని కూతురి పెళ్ళికని ఒకసారి తిండివనం దాకా నేనూ ఆ బండిలో వెళ్ళాను. సన్నగా తుంపర. టోల్‌గేటు దగ్గర మా ఆయన బ్రేకు వేస్తే బండి ఆగాల్సిన చోట ఆగలేదు. సబ్బు మీద కాలేసినట్టు ముందుకు జారి, ముందున్న కారు వెనక ఇంచుమించు ముద్దు పెట్టుకుని నిలబడింది. మా ఆయన ఏమీ జరగనట్టు కిటికీ అద్దం తుడిచాడు. నేను దిగి టైర్లు చూశాను. టైరు మీద కోసిన గాళ్ళలో రూపాయి బిళ్ళ నిలబెడితే బిళ్ళంతా బయటే ఉంది. నున్నగా, గుండు కొట్టించుకున్నట్టున్నాయి నాలుగూ.

ఇక్కడ వానలు దీపావళికి ముందూ వెనకా దంచి కొడతాయి. దీపావళి ఎంతో దూరం లేదు. నాకు కావలసింది ఒక్కటే. పొద్దున తాళంచెవి పట్టుకుని వెళ్ళిన మనిషి సాయంత్రం తిరిగొచ్చి ఆ తాళంచెవిని గుమ్మం పక్క మేకుకు తగిలించాలి. నాకు వేరే ఆస్తులు అక్కర్లేదు.

"టైర్లు మార్చేద్దామండీ," అన్నాను ఇంటికొచ్చాక.

"మార్చాల్సిందే. అన్నను అడగాల గదా," అన్నాడు.

నా ఖర్మ. అన్నను అడగకుండా ఈ మనిషి తలకు నూనె కూడా రాసుకోడు. తండ్రి పోయాక పెంచింది ఆ అన్నే, బండి నేర్పింది ఆ అన్నే. ఆ కథ నేను విన్నన్నిసార్లు గుళ్ళో దేవుడు కూడా మంత్రం విని ఉండడు.

అడగడానికి వెళ్ళినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. బావగారు తిన్నె మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు.

"మారుద్దాంరా, దానికేంది," అన్నాడు తలెత్తకుండానే. "బటన్ టైరే ఏస్తాం. నాలుక్కి నాలుగూ."

"బావగారూ, బండి తిరిగేది హైవే మీదండి," అన్నాను. "దానికి నిలువు గాళ్ళున్న టైర్లు కావాలండి. వానలో నీళ్ళు ఆ గాళ్ళలోంచి పక్కకి పోతాయండి. బటన్ టైరు తారు మీద పట్టదు. స్పీడులో వేడెక్కిపోతుంది కూడానండి."

"ఎవురు చెప్పినారు?"

"చదివానండి."

"యాడ? ఫోన్లోనా?"

"ఫోన్లోనే."

"ఫోను బండి తోలతాదా?"

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు ఆ రాత్రి ఆయనకు పెరుగు వెయ్యలేదు. అది తర్వాతి సంగతి.

"పొలంలోకి వేసుకెళ్ళే బూట్లతో పెళ్ళికెళ్తామా అండి? నడిచే దారిని బట్టే కదండీ చెప్పులు," అన్నాను.

"ఏమ్మా, నేను ట్రాక్టరు తోలే నాటికి నువ్వు యానాంలో పలకా బలపం పట్టుకోని ఉంటావు. బటన్ ఉంటే బండి యాడైనా పోతాది. నేను చూసినా."

"మీరు చూసింది బురదండి. మీ తమ్ముడు చూసేది తారు."

"సుమ్మా మాట్లాడబాక," అన్నాడు. సుమ్మా అంటే ఇక్కడ ఊరికే అని. అప్పుడు తలెత్తి మా ఆయన వైపు తిరిగి, "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ ఇంట్లో ఆ నోరు ఉండాదే..." అని గోరు విరిచి సందులోకి విసిరాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టుంది ఈయన వరస అని నేను పైకే అన్నాను. ఆయనకు సామెత అర్థం కాలేదో, అయ్యీ కానట్టున్నాడో తెలీదు. గోళ్ళు తీసుకోవడం మానలేదు.

మర్నాడు ముగ్గురం కలిసి రెడ్డియార్‌పాళయంలో ఒక టైర్ల కొట్టుకు వెళ్ళాం. నన్ను ఎవరూ పిలవలేదు. నేనే ఆఫీసుకు సెలవు పెట్టి బండెక్కి కూర్చున్నాను. కొట్టు యజమాని తమిళాయన. అంత చక్కని వ్యాపారిని నేను మళ్ళీ చూడలేదు. ఎవరు ఆఖర్న మాట్లాడితే వాళ్ళదే నిజం. బావగారు బటన్ టైరు బలం గురించి చెప్తే, "అదే సార్ కరెక్టు, పెద్దవాళ్ళ అనుభవం," అన్నాడు. నేను హైవే టైరు గురించి చెప్తే, "మేడం చెప్పిందే కరెక్టు, చదువుకున్నవాళ్ళు," అన్నాడు. మా ఆయన ఏమీ మాట్లాడలేదు కాబట్టి ఆయన విషయంలో కొట్టాయనకు శ్రమ లేకపోయింది.

నేను హైవే టైర్లను ఒక్కొక్కటే దొర్లించి చూశాను. మోసే బరువు ఎంతో టైరు పక్కన అచ్చులో పోసి ఉంటుంది. అది మా లోడుకు సరిపడాలి, పైన కొంచెం మిగలాలి. నిలువు గాళ్ళు లోతుగా ఉండాలి, అంచుల్లో నీళ్ళు పోయేందుకు చిన్న చీలికలు ఉండాలి. నాలుగూ ఒకే రకం కావాలి. అన్నీ ఉన్న టైరు ఒకటి దొరికింది. "ఏవండీ, ఇది చూడండి, ఇది..." అని మా ఆయనను పిలుస్తున్నాను. నా మాట పూర్తి కాలేదు. నా వెనక కొట్టంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. తిరిగి చూస్తే బావగారు గోడకు ఆనించిన బటన్ టైరు మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

అంతే. ఇంక ఎవరూ నోరెత్తకూడదు. మా ఆయన చెప్పులు వదిలి చేతులు కట్టుకున్నాడు. కొట్టాయన కూడా భక్తిగా కళ్ళు దించాడు, అమ్మకం అయిపోయింది కదా. నేను మటుకు నోరెత్తాను.

"అది చెయ్యి కాదు బావగారూ, తాళం. నేను మాట్లాడుతుంటే వేశారు."

ఆయన కళ్ళు తెరిచాడు. "నా చెయ్యి తగలకుండా ఈ ఇంట్లో చక్రం తిరగలే. ఇంకమీద కూడా తిరగదు."

"బండి తోలేది మీరు కాదు. రేపు ఏదైనా అయితే తెల్లచీర నాది, మీది కాదు."

అనకూడని మాటే. కొత్త టైర్ల ముందు అసలే అనకూడదు. మా ఆయన మొహం పాలిపోయింది. "ఛీ, ఏం నోరే అది," అన్నాడు. బావగారు నిమ్మకాయలు తెమ్మని చెయ్యి చాపాడు. టైర్లు బిగించాక నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పచక్ పచక్‌మని నలిగాయి. నేను ఆ బండి ఎక్కనని చెప్పి, టౌను బస్సెక్కి నెల్లితోపు వచ్చేశాను.

ఆ టైర్లతో బండికి కొత్త గొంతు వచ్చింది. హైవే ఎక్కి వేగం అందుకుంటే కందిరీగల తుట్టె కదిలినట్టు ఒకటే రొద. పొద్దంతా ఆ రొదలో ఉండి ఇంటికొచ్చిన మా ఆయన పక్కనున్న నాతో పొరుగూరికి వినపడేట్టు మాట్లాడేవాడు. "చెవులు గుయ్యిమంటా ఉండాయే," అనేవాడు. ఎండలో వచ్చి నిలబెడితే టైర్ల మీద చెయ్యి వెయ్యలేం, అంత కాక. "కైరాసి వేడి కాబోలు," అనేదాన్ని.

వానలు మొదలయ్యాక నాకు ఇంకో సంగతి కూడా ఒళ్ళు మండించింది. బండి రోడ్డు మీద ఉన్నంతసేపూ బావగారు తిన్నె మీద కాపలా కూర్చునేవాడు. తన చెయ్యి పడిన బండి ఎప్పుడొస్తుందో, ఎక్కడ తిరుగుతోందో ఆయనకు తెలియాలి మరి. కూర్చున్నవాడు ఊరికే కూర్చోడు. పూలమ్మి బేరం ఆడితే అరుస్తాడు. పిల్లి అడ్డమొస్తే అరుస్తాడు. ఎవరింట్లోనైనా టీవీ గట్టిగా మోగితే సందంతా వినేలా తిడతాడు. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలు, ఒకరోజు నీళ్ళ దగ్గర నాతో విసుక్కుంది.

"మీ బావకు ఈ వయసులో కూడా బుద్ధి రాలే. ఆ బండి వచ్చిందాకా కూడు ముట్టడు. నేను ఎన్నిసార్లు వేడి చేసేది?"

"ఎవరు తినొద్దన్నారక్కా? పెత్తనానికి ఆకలెక్కువ అనుకున్నాను, ఉపవాసం కూడానా?" అన్నాను. అక్క బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఒక సాయంత్రం మా ఆయన చెంగల్పట్టు నుంచి వచ్చాడు. తాళంచెవి మేకుకు తగిలించబోయి రెండుసార్లు కింద పడేశాడు.

"ఏమైంది?"

"ఏం లే. కొంచెం జారింది."

కొంచెం జారిందట! నేను చెప్పులు కూడా వేసుకోకుండా సందు దాటాను. బావగారు అప్పుడే తిన్నె దిగి లోపలికి వెళ్ళబోతున్నాడు.

"బావగారూ, ఆదివారం తిండివనం లోడుంది. వాన కూడా ఉంటుంది. మీరూ ఎక్కండి. పక్కన కూర్చుని మీ కైరాసి ఎలా పట్టుకుంటుందో మీ కళ్ళతో చూడండి. చూశాక కూడా బాగుందంటే నేను ఈ జన్మలో టైరు మాట ఎత్తను."

"నాకేమన్నా భయమా?"

"ఉంటే చెప్పండి, పోనీ ఆటోలో వెనకాల రండి."

"ఎక్కతాను. పొద్దున్నే హారన్ కొట్టమను నీ మొగుణ్ణి," అని తలుపు వేసుకున్నాడు.

ఆదివారం ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. మా ఆయన స్టీరింగు దగ్గర, మధ్యలో నేను, కిటికీ పక్క బావగారు. ఆయన మోకాలు నాకు తగలకుండా ఆయన, నా మోచెయ్యి ఆయనకు తగలకుండా నేను. వెనక పెయింటు డబ్బాలు నిండుగా. తెల్లవారుజాము నుంచే వాన. నెల్లితోపు దాటి, ఊరు దాటి హైవే ఎక్కేదాకా ఒక్కరం మాట్లాడలేదు. హైవే ఎక్కాక మాట్లాడినా వినపడదు, టైర్ల రొద అలాంటిది.

"ఏంది ఈ మోత?" అన్నాడు బావగారు కాసేపటికి, అరిచినట్టు.

"మీ బటన్ల మోతండి," అన్నాను నేనూ అరిచి.

తిండివనం ఇంకా రాలేదు. ముందు పోతున్న లారీ ఎందుకో బ్రేకు కొట్టింది, దాని వెనక ఎర్రలైట్లు వానలో వెడల్పుగా వెలిగాయి. మా ఆయనా బ్రేకు తొక్కాడు. బండి ముందు భాగం ఆగాలని చూసింది, వెనక భాగం వినలేదు. అది మమ్మల్ని దాటి తను ముందు పోవాలన్నట్టు పక్కకు తిరిగింది. లారీ వెనక తలుపు కిటికీలోంచి నా మీదికి వస్తున్నట్టు కనపడింది. "బ్రేకు వదల్రా! చిన్నోడా, వదల్రా!" అని బావగారు కేకపెట్టాడు. ఆయన రెండు చేతులూ ముందున్న డ్యాష్‌బోర్డును పట్టుకుని ఉన్నాయి. ఆ కైరాసి చెయ్యి కూడా. మా ఆయన బ్రేకు వదిలాడో, తిప్పాడో నాకు తెలియదు. నేను కళ్ళు మూసేశాను. తెరిచేసరికి బండి రోడ్డు దిగి, గడ్డిలో అడ్డంగా నిలబడి ఉంది. లారీ వెళ్ళిపోయింది.

ఎవరికీ ఏమీ కాలేదు. వెనక ఒక పెద్ద డబ్బా మూత పగిలి, తెల్ల పెయింటు బండి అంచు మీదుగా కారి, వాననీళ్ళతో కలిసి రోడ్డు మీద పారుతోంది. ముగ్గురం దిగి వానలో నిలబడ్డాం. బావగారు వంగి వెనక టైరు మీద అరచెయ్యి పెట్టాడు. అలాగే చాలాసేపు ఉంచాడు. తర్వాత లేచి, చెయ్యి పంచెకు తుడుచుకుని అన్నాడు.

"రోడ్డు బాలే."

నాకు ఒక్కసారిగా పూనకం వచ్చినట్టయింది. "రోడ్డా? రోడ్డు బాగాలేదా? ఇన్ని బండ్లు పోతున్నాయి కదా, మీ తమ్ముడొక్కడికేనా రోడ్డు బాగాలేదు? ఎంతమంది చావాలి మీకు? తప్పయిందనడానికి నోరు రాదా?" ఇంకా ఏమేం అన్నానో. వానలో గొంతు పోయేలా అరిచాను. ఆయన నా వైపు చూడలేదు. తమ్ముడి వైపే చూస్తున్నాడు.

మా ఆయన పెయింటు అంటిన చేతులతో బండిని ఆనుకుని నిలబడ్డాడు.

"అన్నా," అన్నాడు. "నీ చెయ్యి టైరు మీద ఉండాది. స్టీరింగు మీద ఉండేది నా చెయ్యి. ఈ టైర్లు నాకు వద్దు."

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ ఒక్క 'వద్దు' కోసం కాసుకుని కూర్చున్నాను నేను. తీరా విన్నాక గెలిచినట్టు లేదు. గడ్డిలో కూర్చుండిపోయాను.

"సరి," అన్నాడు బావగారు. "ఇంక నా చెయ్యి అడగొద్దురా." అని పంచె ఎగగట్టి, హైవే అంచునే నడుచుకుంటూ పోయాడు. వెనక్కి తిరగలేదు. దూరంగా ఒక బస్సును చెయ్యెత్తి ఆపి ఎక్కడం కనపడింది.

మర్నాడే అదే కొట్టుకు వెళ్ళాం, ఇద్దరమే. నేను ఆ రోజు చూసిన టైర్లే కావాలన్నాను. "మేడం అప్పుడే చెప్పారు, అదే కరెక్టు," అన్నాడు కొట్టాయన, సిగ్గు లేకుండా. నాలుగూ ఒకే రకం, స్టెప్నీ కూడా అదే వేయించాను. లోడుతో ఎంత గాలి ఉండాలో దగ్గరుండి కొట్టించాను. చక్రాలు బిగించడం అయింది. కొట్టాయన బండి తియ్యమన్నాడు. మా ఆయన తియ్యడు. జేబులోంచి నిమ్మకాయలు తీసి అరచేతిలో పెట్టుకుని, బండి పక్కన నిలబడే ఉన్నాడు.

"ఏంటండీ, ఎక్కండి."

"ఎవురన్నా చెయ్యి పెట్టాల గదా."

"పెట్టే పెద్దమనిషి పెట్టనన్నాడు కదా. ఇంకెందుకీ తంతు?"

"నువ్వు పెట్టు."

"నేనా?" నవ్వొచ్చింది నాకు. "నాకు ఇవన్నీ నమ్మకం లేదని మీకు తెలీదూ?"

"నమ్మకం నాకు ఉండాదిలే. తోలేది నేను గదా. నీకు అక్కర్లే, నువ్వు పెట్టు చాలు."

ఏడ్చినట్టుంది అనుకున్నాను. కానీ ఆ మనిషి కళ్ళలో ముందురోజు లారీ ఇంకా అలాగే ఉంది. పనైపోతుంది కదా అని వంగి, ముందు ఎడమ టైరు మీద అరచెయ్యి ఆనించాను. కొత్త రబ్బరు వాసన. సన్నటి రబ్బరు వెంట్రుకలు అరచేతికి గుచ్చుకున్నాయి. ఏం గొణగాలో తెలియలేదు. బావగారు కళ్ళు మూసుకుని ఏం గొణిగేవాడో ఎప్పుడూ అడగలేదు. "ఇంటికి తీసుకురా," అన్నాను మెల్లగా, ఎవరూ వినకుండా. నాలుగు టైర్లకూ అదే మాట.

టైర్లు బాగున్నాయి. బండిలో మాట వినపడుతోంది, వానలో బ్రేకు వేస్తే నిలబడుతోంది. మా ఆయన మునుపటిలా మామూలు గొంతుతో మాట్లాడుతున్నాడు. నేను చెప్పింది నిజమని తేలిపోయింది. సందులో నలుగురికీ ఆ మాట వినపడేలా చెప్పాను కూడా, ఎదురింటి తలుపు తెరిచి ఉన్నప్పుడు చూసి మరీ.

తర్వాత సేలం లోడు వచ్చింది. దూరం. పొద్దున బండి కదిలేముందు మా ఆయన తల బయటపెట్టి, "చెయ్యి," అన్నాడు. టైరు మీద చెయ్యేశాను. అది ఒక్కసారితో అయిపోలేదని అప్పుడు తెలిసింది. ప్రతి దూరపు లోడుకూ కావాలట. మధ్యాహ్నం నుంచి వాన. ఆఫీసులో ఫైలు తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను. తోలేటప్పుడు ఫోనెత్తొద్దని నేనే ఒట్టు పెట్టించాను కాబట్టి ఫోను చెయ్యలేను. సాయంత్రం ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా తిన్నె మీద కూర్చున్నాను. అన్నం వండింది వండినట్టే ఉంది. ముద్ద దిగితేగా.

టైర్లు మంచివి. లెక్క ప్రకారం అన్నీ సరిపోయాయి. చదివాను, చూశాను, ఏరి తెచ్చాను. కానీ ఏదైనా అయితే? టైరును ఎవరు అంటారు? చెయ్యి నాది. నా కుడి అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాను. పూలమ్మి వచ్చి మూర ఎంతో చెప్పబోతే, "ఈ వానలో ఎవడడిగాడు నీ పూలు!" అని కసిరాను. ఆమె బిత్తరపోయి బుట్ట ఎత్తుకుంది. ఎత్తుకుని, నన్ను చూసి, వెనక్కి తిరిగి ఎదురింటి వైపు చూసింది.

నేనూ చూశాను. బావగారు తన తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో. ఈసారి ఏ టైరు మీదా ఆయన చెయ్యి లేదు. అయినా కూర్చుని ఉన్నాడు. సందు మలుపు వైపే చూస్తున్నాడు. లోపలినుంచి అక్క కూటికి పిలిచింది. "వస్తాలే పో!" అని అరిచాడు, కదల్లేదు. మా ఇద్దరి మధ్యా బండి ఉండే చోట ఖాళీగా వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. ఒకరినొకరం చూసుకున్నాం. ఆయన మొహం తిప్పుకున్నాడు. నేనూ తిప్పుకున్నాను. పలకరించాలని నాకు అనిపించలేదు. ఆయనకూ అనిపించి ఉండదు. అంతసేపూ అలాగే కూర్చున్నాం, ఆయన అక్కడ, నేను ఇక్కడ.

చీకటి పడుతుండగా మలుపులో మా బండి హారను మోగింది. నాకంటే ముందు ఆయన లేచాడు. హెడ్‌లైట్లు సందులోకి తిరిగేలోపే లోపలికి వెళ్ళి తలుపు వేసేసుకున్నాడు. మా ఆయన దిగి, ఒళ్ళు విరుచుకుని, లోపలికొచ్చి తాళంచెవి మేకుకు తగిలించాడు. ఎదురింట్లో కంచం పెట్టిన చప్పుడైంది. నేను లేచి అన్నం వడ్డించుకున్నాను.